పళ్ళు ఎట్లా కదులుతాయి?

గోడలో దిగగొట్టిన మేకును ఒక అంగుళం పక్కకు జరపగలరా? బలంకొద్దీ నెడితే మేకు వంగుతుంది. ఇంకా నెడితే గోడ పెచ్చు ఊడివస్తుంది. అంతేగాని, గోడ పగలకుండా మేకు మెల్లిగా పక్కకు నడిచి, కొత్తచోట మళ్ళీ గట్టిగా నిలబడటం ఎక్కడైనా చూశారా? చూసి ఉండరు.

కాని ఇటువంటి వింతే, పళ్ళకు క్లిప్పు పెట్టించుకున్న పిల్లల నోట్లో రోజూ జరుగుతున్నది. పంటి పైనున్న పింగాణీ పొర మన శరీరంలో అన్నిటికన్న గట్టి పదార్థం. పంటి వేరు దవడ ఎముకలో లోతుగా దిగి ఉంటుంది. అంత గట్టి పన్నును గుండుసూదికన్న సన్నని తీగె ఒకటి పక్కకు జరుపుతుంది. వంకరగా ఉన్నదాన్ని తిప్పి నిలబెడుతుంది. పని పూర్తి అయినాక ఆ పన్ను మునుపటిలాగే గట్టిగా ఉంటుంది. దానితో జామకాయ కొరకవచ్చు.

ఇది ఎట్లా సాధ్యం? అసలు పళ్ళు వంకర ఎందుకు పోతాయి? వంకర పోయిన ప్రతి పన్నునూ దిద్దవలసిందేనా? దిద్దాలంటే ఎన్ని దారులున్నాయి? ఈ సంగతులు తెలుసుకునేందుకు ముందు మనం ఒకసారి విశాఖపట్నం వెళ్ళివద్దాం.

రేవులో చోటు

విశాఖపట్నం సముద్రపు ఒడ్డున నిలబడి చూస్తే, దూరాన నీటిమీద కదలకుండా నిలిచి ఉన్న ఓడలు కనిపిస్తాయి. అవి లంగరు వేసుకుని తమ వంతు కోసం కాచుకుని ఉంటాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి పోతే రేవు ఉన్నది. 1933లో తెరిచిన ఈ రేవులో ఒక్కొక్క ఓడకు ఒక్కొక్క చోటు కేటాయిస్తారు. దాన్ని బెర్తు అంటారు. బెర్తులో ఉన్న ఓడ సరుకు దించి వెళ్ళిపోగానే, బయట కాచుకున్న ఓడ వచ్చి ఆ చోట నిలుస్తుంది.

మన నోరు కూడా అటువంటి రేవే. చిన్నతనంలో మనకు వచ్చేవి 20 పాలపళ్ళు. వాటికింద ఎముకలో శాశ్వతదంతాలు తయారవుతూ తమ వంతు కోసం కాచుకుని ఉంటాయి. సుమారు 6వ ఏట మొదలై 12, 13 ఏళ్ళ వరకు పాలపళ్ళు ఒక్కొక్కటే ఊడుతూ, కొత్తపళ్ళు ఒక్కొక్కటే వస్తూ ఉంటాయి. చివరకు జ్ఞానదంతాలతో కలిపి 32 అవుతాయి. ఊడిన పన్నును పేడలో పెట్టి ఇంటికప్పు మీదకు విసరటం మనలో చాలా ఇళ్ళలో ఉన్న ముచ్చటే గదా!

"ఎట్లాగూ ఊడిపోయే పళ్ళే గదా, పుచ్చితే మాత్రం ఏం?" అని కొందరు పెద్దలు అంటారు. పొరపాటంతా అక్కడే ఉన్నది. పాలపన్ను చేసే పని నమలటం ఒక్కటే కాదు. తన వెనక రాబోయే పన్ను కోసం అది బెర్తును కాపాడుతుంది. అది పుచ్చి, రెండు మూడేళ్ళు ముందుగా పోయిందనుకోండి. ఖాళీ అయిన చోటుకు వెనకనున్న పన్ను మెల్లిగా జరిగి వస్తుంది. అసలు పన్ను వంతు వచ్చేసరికి బెర్తు నిండి ఉంటుంది. అప్పుడది చేసేదేముంది? పక్కనుంచో, ఎత్తునుంచో, అడ్డంగానో బయటికి వస్తుంది. లేకపోతే రాకుండా ఎముకలోనే ఉండిపోతుంది.

పైవరుసలో కోరపళ్ళు చాలామందికి ఎత్తుగా, ముందుకు పొడుచుకుని ఉండటం మీరు చూసే ఉంటారు. దానికి కారణం ఇదే. పై కోరపన్ను సుమారు 11, 12 ఏళ్ళకు గాని రాదు. అప్పటికి దానికి ముందువీ వెనకవీ అన్నీ వచ్చి కూర్చుంటాయి. ఆలస్యంగా వచ్చిన ఓడకు చోటు దొరకదు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. 6వ ఏట వచ్చే మొదటి శాశ్వతదంతం ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటన్నిటి వెనక, దవడలో వస్తుంది. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు. ఏదీ ఊడలేదు కనక అదీ పాలపన్నేనని తల్లిదండ్రులు అనుకుంటారు. పుచ్చినా పట్టించుకోరు. కాని అది మళ్ళీ రాని పన్ను. ఈ ఆరేళ్ళపన్నును గుర్తుంచుకోండి. కథలో అది మళ్ళీ వస్తుంది.

పళ్ళు వంకర పోవటానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కొందరికి వంశాన్నిబట్టి దవడ చిన్నదిగా ఉంటుంది. కొందరికి పైదవడ ముందుకు, కొందరికి కిందిదవడ ముందుకు పెరుగుతుంది. పెద్దపిల్లలైనా బొటనవేలు చీకుతూ ఉంటే ముందుపళ్ళు ఎత్తుగా వస్తాయి. "ఊడిన పంటి చోట నాలుకతో తోయకు, పన్ను వంకర వస్తుంది," అని అమ్మమ్మలు మందలిస్తారు. నాలుకతో ఒకటి రెండుసార్లు తడిమితే ఏమీ కాదుగాని, ఎప్పుడూ పళ్ళను నాలుకతో నెట్టే అలవాటు ఉంటే ముందుపళ్ళ వరుస చెడే మాట నిజమే.

అన్ని వంకరలూ వంకరలు కావు

8, 9 ఏళ్ళ పిల్లలు కొందరు అద్దం చూసుకుని దిగులుపడతారు. పైన ముందుపళ్ళు రెండూ పెద్దవిగా, మధ్య సందుతో, విసనకర్రలాగా చెదిరి కనిపిస్తాయి. తల్లులు కూడా కంగారుపడతారు. అయితే చాలామందికి ఇది దారిలో వచ్చే ఒక మజిలీ మాత్రమే. ఎముకలో పైనుంచి దిగుతున్న కోరపళ్ళు పక్కపళ్ళ వేళ్ళను నొక్కటంవల్ల అవి అట్లా చెదురుతాయి. కోరపళ్ళు దిగి వచ్చాక ఆ సందు చాలావరకు దానంతట అదే మూసుకుపోతుంది. అప్పటిదాకా ఆగటమే దానికి వైద్యం.

కొద్దిపాటి వంకర ఉన్నా నమలటానికీ, మాట్లాడటానికీ, తోముకోవటానికీ ఇబ్బంది లేకపోతే, ఆ పిల్లకు తన నవ్వు బాగానే ఉన్నట్టు తోస్తే, దాన్ని దిద్దనక్కరలేదు. అందరి పళ్ళూ అచ్చుపోసిన ఇటుకల్లాగా ఉండాలన్న నియమం ఏమీ లేదు.

అయితే దిద్దవలసిన వంకరలు కొన్ని ఉన్నాయి. బాగా ఎత్తుగా ఉన్న ముందుపళ్ళు, ఆటలో బోర్లా పడితే ముందు విరిగేవి అవే. ఒకదానిమీద ఒకటి ఎక్కిన పళ్ళసందుల్లో బ్రష్షు దూరదు. అక్కడ పాచి పేరుకుని పళ్ళు పుచ్చుతాయి, చిగుళ్ళు వాస్తాయి. పైపళ్ళూ కిందిపళ్ళూ సరిగా కలవకపోతే కొరకటం కష్టం. కొందరికి కొన్ని అక్షరాలు స్పష్టంగా పలకవు.

ఇక మరొక బాధ ఉన్నది. అది ఎక్స్‌రేలో కనిపించదు. తోటిపిల్లలు "ఎత్తుపళ్ళు" అని వెక్కిరిస్తారేమోనని కొందరు నవ్వటమే మానేస్తారు. నవ్వు వస్తే చేత్తో నోరు మూసుకుంటారు. స్కూలు ఫోటోలో మూతి బిగించి నిలబడతారు. సమాధానం తెలిసినా తరగతిలో లేచి చెప్పరు. పళ్ళ డాక్టరు పళ్ళను దిద్దగలడు గాని, వెక్కిరింతను మానిపించటం మాత్రం మీ చేతిలో పని. క్లిప్పు పెట్టుకు వచ్చినవాణ్ణి "ఇనప పళ్ళు" అని పిలవకపోవటం కూడా అందులోదే.

ఎముక కరిగి, ఎముక పెరిగి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మేకుకూ పన్నుకూ తేడా ఏమిటి? గోడకు ప్రాణం లేదు. ఎముకకు ప్రాణం ఉన్నది. తేడా అంతా ఇదే.

పంటి వేరు ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు. రెంటికీ మధ్య సన్నని నారపోగుల పొర ఒకటి ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో సుమారు నాలుగోవంతు. పన్ను ఆ పొరలో ఉయ్యాల మంచంలాగా వేలాడుతుంది. ఆ పొరలో రక్తనాళాలూ, నరాలూ, రకరకాల జీవకణాలూ ఉన్నాయి.

తీగె పన్నును ఒక పక్కకు మెల్లిగా నెట్టిందనుకోండి. పన్ను ఏ వైపుకు పోవాలో ఆ వైపు పొర నొక్కుకుంటుంది. అక్కడ ఎముకను కరిగించే కణాలు చేరి ఎముకను కొద్దికొద్దిగా తినివేస్తాయి. పన్నుకు దారి ఏర్పడుతుంది. వెనకవైపు పొర సాగుతుంది. అక్కడ ఎముకను కట్టే కణాలు చేరి, ఖాళీ అయిన చోట కొత్త ఎముకను పోస్తాయి. ముందు గోడను కూల్చే కూలీలు, వెనక గోడను కట్టే మేస్త్రీలు. మధ్య పన్ను నడిచిపోతుంది. స్వీడన్ దేశపు కార్ల్ శాండ్‌స్టెట్ అనే ఆయన 1900 తరువాతి కొద్ది సంవత్సరాలలో కుక్కల పళ్ళమీద ప్రయోగాలు చేసి, ఎముకలో జరిగే ఈ మార్పును సూక్ష్మదర్శినిలో చూశాడు.

ఈ పనికి ఎంత బలం కావాలి? చాలా తక్కువ. ఒక పన్నును పక్కకు వాల్చటానికి సుమారు 50 గ్రాములు, అంటే ఒక కోడిగుడ్డు బరువంత చాలు. మనం చెరకు నమిలేటప్పుడు పళ్ళమీద పడే బలం ఎన్నో కిలోలు ఉంటుంది. ఐనా పన్ను కదలదు. ఎందుకంటే అది క్షణకాలం పడి పోతుంది. పన్ను కదలటానికి కావలసింది బలం కాదు, ఎడతెగకుండా ఉండటం. నిద్రలో గంటలకొద్దీ బొటనవేలు చీకితే పళ్ళు ఎత్తుగా రావటానికి కారణం కూడా ఇదే.

విశాఖ రేవులో పెద్ద ఓడను బెర్తుకు చేర్చటానికి టగ్గులనే చిన్న పడవలు వస్తాయి. అవి ఓడను ఢీకొట్టవు. పక్కన ఆనుకుని, మెత్తగా, ఆపకుండా నెడతాయి. ఢీకొడితే ఓడ పక్కలు సొట్టపోతాయి. పంటి సంగతీ ఇంతే. తొందరపడి ఎక్కువ బలంతో నెడితే, నొక్కుకున్న పొరలో రక్తం ఆగిపోతుంది. కణాలు చచ్చిపోతాయి. పన్ను వేగంగా కదలటానికి బదులు వారాల తరబడి ఆగిపోతుంది. ఒక్కొక్కప్పుడు వేరు కొన కరిగి పొట్టిదైపోతుంది. అందుచేత అనుభవంగల డాక్టరు పన్నును నెలకు సుమారు ఒక మిల్లీమీటరు వంతున జరుపుతాడు. క్లిప్పులు సంవత్సరంన్నర, రెండు సంవత్సరాలు ఉండటానికి కారణం డాక్టరు నిదానం కాదు, ఎముక నిదానం.

వేలితో మొదలైన వైద్యం

ఈ వైద్యం నిన్నటిది కాదు. సుమారు 2000 సంవత్సరాల కిందట రోము దేశంలో సెల్సస్ అనే గ్రంథకర్త ఒక ఉపాయం రాశాడు: పాలపన్ను ఊడకముందే దాని పక్కన కొత్తపన్ను వస్తే, పాలపన్నును తీసివేసి, కొత్తదాన్ని రోజూ వేలితో నెడుతూ దాని చోటుకు చేర్చమన్నాడు. 1728లో ఫ్రాన్సు దేశపు దంతవైద్యుడు పియర్ ఫోషార్ ఒక గొప్ప గ్రంథం అచ్చువేశాడు. గుర్రపునాడా ఆకారంలో ఉన్న లోహపు పట్టీకి వంకరపళ్ళను దారంతో కట్టి లాగే పద్ధతి అందులో ఉన్నది.

అయితే దీన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టినవాడు అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ యాంగిల్. ఆయన 1855లో పుట్టాడు. వంకరలు వేలరకాలుగా కనిపించినా వాటిని మూడు ముఖ్యమైన తరగతులుగా విడదీయవచ్చునని ఆయన 1899లో చూపాడు. అందుకు కొలబద్ద ఏమిటో తెలుసా? మనం గుర్తుంచుకోమన్న ఆరేళ్ళపన్ను! పైదవడ ఆరేళ్ళపన్నూ, కిందిదవడ ఆరేళ్ళపన్నూ ఎట్లా కలుస్తున్నాయో చూసి ఆయన వంకర రకాన్ని చెప్పాడు. ఈనాటికీ డాక్టర్లు ముందుగా చూసేది అదే. 1900లో ఆయన ఈ విద్యకోసం ఒక పాఠశాల పెట్టాడు.

ఏ పన్నునూ తీయకుండానే అన్ని పళ్ళనూ వరసలో పెట్టాలని యాంగిల్ పట్టుబట్టాడు. ఆయన శిష్యుడు చార్లెస్ ట్వీడ్ మొదట గురువు చెప్పినట్టే చేశాడు. కాని ఇరుకు దవడలో బలవంతాన పట్టించిన పళ్ళు మళ్ళీ చెదరటం చూసి, కొందరికి నాలుగు పళ్ళు తీసి చోటు చేయటమే మంచిదని తేల్చాడు. ఇప్పటి డాక్టర్లు ఎక్స్‌రే తీసి, పళ్ళ అచ్చులు కొలిచి, తీయాలో అక్కరలేదో ఒక్కొక్కరికి విడిగా నిర్ణయిస్తారు.

"పైపన్ను తీస్తే కంటిచూపు పోతుంది" అని మన ఊళ్ళలో ఒక భయం ఉన్నది. అది నిజం కాదు. పంటికి పోయే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు.

మన దేశంలో 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ మొదటి దంతవైద్య కళాశాల స్థాపించాడు. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వచ్చింది.

ఏ వంకరకు ఏ పరికరం?

చోటు కాపాడే తీగె: పాలపన్ను ముందుగా పోతే, వెనకపన్ను జరగకుండా డాక్టరు ఒక చిన్న తీగె ఉంగరం అమర్చుతాడు. అది బెర్తును కాపాడే కావలివాడు. ఇంత చిన్న పనితో తరువాతి పెద్దపని తప్పిపోవచ్చు.

తీసిపెట్టుకునే ప్లేటు: అంగిలికి సరిపోయే ప్లాస్టిక్ పలక, దానికి స్ప్రింగులు. ఒకటి రెండు పళ్ళను కొద్దిగా వాల్చటానికి బాగా పనికివస్తుంది. కాని జేబులో పెట్టుకుంటే అది పనిచేయదు!

దవడ ఎదుగుదలను మళ్ళించేవి: కిందిదవడ వెనకబడ్డ పిల్లలకు, ఇంకా ఎదుగుతూ ఉన్న వయసులో, దవడను ముందుకు పట్టి ఉంచే రెండు దిమ్మల పరికరం పెడతారు. స్కాట్లండుకు చెందిన విలియం క్లార్క్ దీన్ని 1977లో రూపొందించాడు. ఎదుగుదల ఆగిపోయాక ఇది ఉపయోగపడదు. ఆ తరువాత పెద్ద తేడాలు దిద్దాలంటే శస్త్రచికిత్స చేయవలసి రావచ్చు.

అతికించిన క్లిప్పులు: ఎక్కువమందికి తెలిసినవి ఇవే. ప్రతి పంటిమీదా ఒక చిన్న బిళ్ళ అతికించి, వాటి గాడిలోనుంచి ఒక తీగె పోనిస్తారు. వంకరపళ్ళ వెంట తీగె కూడా వంగుతుంది. తిరిగి నిటారుగా కావాలని ప్రయత్నిస్తూ పళ్ళను తనతో లాక్కువస్తుంది. పన్నును వాల్చటమే కాక, తిప్పటానికీ, వేరుతో సహా జరపటానికీ ఇది సమర్థం. పూర్వం ప్రతి పంటికీ ఒక లోహపు ఉంగరం తొడిగేవారు. 1955లో అమెరికాలో మైకేల్ బ్యూనోకోర్ పంటి పింగాణీని కొంచెం ఆమ్లంతో గరుకు చేస్తే జిగురు పట్టుతుందని కనిపెట్టాడు. బిళ్ళలు అతికించటం దానివల్లనే సాధ్యమైంది.

ఆ తీగె సంగతి కొంచెం చెప్పుకోవాలి. విశాఖలో ఇల్లున్నవారికి ఉప్పుగాలి చేసే పని తెలుసు. కిటికీ ఊచలకు రంగు వేసిన ఏడాదికే తుప్పు కనిపిస్తుంది. 1992లో జాతికి అంకితమైన అక్కడి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే ఊచలైనా, తీగచుట్టలైనా రంగులేకుండా తడిలో పడేస్తే తుప్పు పడతాయి. మరి రాత్రింబగళ్ళు ఉమ్మిలో నానే పళ్ళతీగె ఎందుకు తుప్పు పట్టదు? అందులో నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెలు కలుపుతారు. క్రోమియం గాలిలోని ఆమ్లజనితో కలిసి కంటికి కనిపించని పొరగా ఏర్పడి లోపలి ఇనుమును కాపాడుతుంది. ఈ ఉక్కు రాకముందు యాంగిల్ వంటివారు బంగారపు తీగెలు వాడేవారు. అప్పుడు క్లిప్పు ఎందరి ఇళ్ళకు అందేదో ఊహించుకోండి!

ఇంకొక వింతతీగె ఉన్నది. 1960 ప్రాంతంలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో విలియం బ్యూలర్ క్షిపణుల ముక్కుకు పనికివచ్చే లోహం కోసం వెతుకుతూ, నికెలు, టైటానియం కలిపి ఒక మిశ్రమం చేశాడు. దాన్ని ఎట్లా వంచినా, కొంచెం వేడి తగిలితే తన పాత ఆకారానికి వస్తుంది! 1970 తరువాత జార్జి ఆండ్రియాసెన్ అనే దంతవైద్యుడు దాన్ని పళ్ళకు వాడాడు. అది మెత్తగా, ఎడతెగకుండా నెడుతుంది. సరిగ్గా పళ్ళు కోరేది అదే గదా! క్షిపణి కోసం వెతికిన లోహం ఇట్లా పిల్లల నోట్లోకి వచ్చింది.

లోహం కనిపించటం ఇష్టం లేనివారికి పంటిరంగు పింగాణీ బిళ్ళలు ఉన్నాయి. పళ్ళ లోపలివైపు అతికించే బిళ్ళలు కూడా ఉన్నాయి. వీటికి ఖర్చు ఎక్కువ.

పారదర్శకపు తొడుగులు: వీటిని అలైనర్లు అంటారు. 1990 తరువాతి దశాబ్దపు చివరలో ఇవి వ్యాప్తిలోకి వచ్చాయి. కంప్యూటరులో పళ్ళ బొమ్మ తీసి, ఒక్కొక్క మెట్టుకూ ఒక్కొక్క తొడుగు చేస్తారు. వారానికో రెండు వారాలకో ఒకటి మార్చుకోవాలి. తిండికీ, తోముకోవటానికీ తీయవచ్చు. మిగతా 20, 22 గంటలూ పెట్టుకునే ఉండాలి. మరచిపోయే స్వభావం ఉన్నవారికి ఇవి సరిపడవు. చాలా చిక్కువంకరలకు అతికించిన క్లిప్పులే మేలు.

క్లిప్పుతో కాపురం

తీగె బిగించిన మొదటి రెండు మూడు రోజులూ పళ్ళు సలుపుతాయి. ఇడ్లీ, పెరుగన్నం తింటే సరి. తరువాత అలవాటవుతుంది. గట్టివీ, జిగటవీ మానాలి: జంతికలు, చెరకుగడ, బెల్లపు జీళ్ళు, ఐసుగడ్డ. సముద్రపు ఒడ్డున కాల్చి అమ్మే మొక్కజొన్న పొత్తును కొరకవద్దు. గింజలు ఒలుచుకుని తినండి. తిన్న ప్రతిసారీ బిళ్ళల చుట్టూ తోముకోవాలి. బద్ధకిస్తే, రెండేళ్ళ తరువాత క్లిప్పు తీసినప్పుడు పళ్ళు వరసలో ఉంటాయిగాని, వాటిమీద బిళ్ళలచుట్టూ తెల్లని మచ్చలు మిగులుతాయి.

క్లిప్పు తీయగానే పని అయిపోయిందనుకోవద్దు. కొత్తచోటుకు వచ్చిన పళ్ళు పాతచోటును అంత తొందరగా మరచిపోవు. నారపోగులు వాటిని వెనక్కు లాగుతూనే ఉంటాయి. కొత్తగా పోసిన కాంక్రీటు ఆరేదాకా చెక్కలు తీయరు గదా! అందుచేత రిటైనరు అనే ప్లేటు గాని, లోపలివైపు సన్నని తీగె గాని డాక్టరు చెప్పినన్నాళ్ళు ఉంచుకోవాలి. దాన్ని నిర్లక్ష్యం చేసినవారి పళ్ళు చాలావరకు తిరిగి మొదటికి వస్తాయి.

ఇవి మాత్రం చేయకండి

ముందుపళ్ళ సందు మూయటానికి మామూలు రబ్బరుబాండు తగిలించుకునే పిల్లలు ఉన్నారు. ఇది చాలా ప్రమాదం. పంటి వేరు కిందికి పోయినకొద్దీ సన్నబడుతుంది. రబ్బరు జారి చిగురులోపలికి పోయి, కంటికి కనిపించకుండా వేరువెంట పాకుతూ, చుట్టూ ఉన్న ఎముకను నాశనం చేస్తుంది. చక్కని పళ్ళు రెండూ ఊడిపోయిన సందర్భాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి.

డాక్టరు నోరు చూడకుండా, ఎక్స్‌రే తీయకుండా, పోస్టులో తెప్పించుకునే తొడుగులూ వద్దు. పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందని, బాగున్న పళ్ళను అరగదీసి పైన తొడుగులు వేయించి "వరస" చేయించుకునేవారు ఉన్నారు. ఒకసారి అరగదీసిన పింగాణీ మళ్ళీ పెరగదు. ఏ వయసులోనైనా, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉంటే, సొంతపళ్ళనే జరిపించుకోవచ్చు.

పెద్దలకు

ఈ భాగం మీ అమ్మానాన్నలకు చదివి వినిపించండి. పిల్లకు 7వ ఏడు వచ్చినప్పుడు ఒకసారి పళ్ళు చూపించటం మంచిది. చాలామందికి అప్పుడు చేయవలసింది ఏమీ ఉండదు. ఉన్నవారికి మాత్రం ఆ సమయం మళ్ళీ రాదు. దవడ ఎదుగుతున్నప్పుడు చేసే పని తరువాత చేయలేము. అతికించిన క్లిప్పులు సామాన్యంగా పాలపళ్ళన్నీ పోయాక, 12 ఏళ్ళ ప్రాంతంలో మొదలుపెడతారు.

బి.డి.ఎస్. చదివాక, పళ్ళవరుస దిద్దటంలో మరి 3 సంవత్సరాలు ఎం.డి.ఎస్. చదివినవారు ఇందులో నిపుణులు. విశాఖ ప్రాంతంలో రుషికొండ వద్ద గీతం దంతవైద్య కళాశాల, భీమునిపట్నం మండలంలోని సంగివలస వద్ద అనిల్ నీరుకొండ దంతవైద్య విద్యాసంస్థ ఉన్నాయి. ఇటువంటి బోధనాసుపత్రుల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. సామాన్యంగా బయటికన్న ఖర్చు తక్కువ. మొదలుపెట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఎన్నాళ్ళు పడుతుంది? నెలనెలా రావాలా? రిటైనరుతో కలిపి మొత్తం ఎంత అవుతుంది? ఏమీ చేయకపోతే ఏమవుతుంది? చివరి ప్రశ్నకు ఓపికగా జవాబు చెప్పే డాక్టరును నమ్మవచ్చు.

అన్నిటికన్న చవకైన వైద్యం మాత్రం మీ ఇంట్లోనే ఉన్నది: పాలపళ్ళను పుచ్చకుండా కాపాడటం. ఈ రాత్రి తోముకున్నాక అద్దం ముందు నిలబడి మీ పళ్ళు లెక్కపెట్టండి. ఎన్ని పాలపళ్ళు, ఎన్ని కొత్తవి? నాలుగు ఆరేళ్ళపళ్ళూ వచ్చాయా? వాటిమీద నల్లమచ్చలు ఉన్నాయా? ఉంటే, నొప్పి వచ్చేదాకా ఆగకుండా రేపు పొద్దున్నే ఇంట్లో చెప్పండి. బెర్తు ఖాళీ కాకముందే కాపాడుకుంటే, కాచుకుని ఉన్న ఓడ తన వేళకు తిన్నగా రేవులోకి వస్తుంది.